ఇంజిన్ ఆపకుండా కొన్న గిటార్లు

పోయిన నెల ఇర్వింగ్ నుంచి కీర్తన ఫోన్ చేసింది. మా పాత స్నేహితుల అమ్మాయి, ఇక్కడ అమెరికాలోనే పుట్టి పెరిగింది. లాస్ కొలీనాస్‌లో బంగారం లాంటి ఉద్యోగం వదిలేసి పాత గిటార్లు కొని అమ్మే షాపు పెడుతోందట. అన్ని గిటార్లూ కాదు. డెబ్భైల్లో, ఎనభైల్లో జపాన్‌లో తయారై ఇక్కడికి వచ్చిన కాపీలు మాత్రమే. పేరున్న అమెరికన్ మోడళ్ళని ముందు పెట్టుకుని అచ్చు గుద్దినట్టు చేసినవి. ఆ రోజుల్లో ఎవరూ గౌరవంగా చూడని ఆ సరుకు కోసం ఇప్పుడు జనం ఎగబడుతున్నారు.

"అంకుల్, మీరు టెన్ ఇయర్స్ అదే జాబ్ చేశారంట, మమ్మీ చెప్పింది. నాకు ఒక లిస్ట్ ఇవ్వండి. ఏది మంచిది, ఏది కాదు, ఎలా చెక్ చెయ్యాలి. దట్స్ ఇట్" అంది.

లిస్టు ఒక పేజీ అయింది. రాసి పంపేశాను. ఆ పేజీలో పట్టనిది ఇక్కడ రాస్తున్నాను, కీర్తనకే కాదు, ఈ పనిలోకి దిగే ఎవరికైనా. పరాయి ఇంటికి వెళ్ళి, వాళ్ళ వస్తువు చేతిలోకి తీసుకుని, అది ఏమిటో చెప్పడం ఈ పని. గిటార్ల గురించి తెలియడం అందులో తేలిక భాగం. ఆ పదేళ్ళలో నేను ఎక్కువగా చేసింది భయపడటం. ఆ భయంలో చేసిన తప్పు చెప్పకుండా సీరియల్ నంబర్లు మాత్రం చెబితే, సగం అబద్ధం చెప్పినట్టే.

కొలతలు తప్ప ఏమీ రానివాణ్ణి

నాకు గిటార్ వాయించడం రాదు. పదేళ్ళు వాటి మధ్య బతికి, ఇంట్లో పదకొండు దాచుకుని కూడా ఒక్క పాట వాయించలేను. వాటి మీద దుమ్ము దులిపినప్పుడల్లా మా ఆవిడ సరోజ దెప్పుతూనే ఉంటుంది.

గుడివాడ నుంచి మెకానికల్ ఇంజినీరింగ్ డిగ్రీతో వచ్చి డెట్రాయిట్ దగ్గర కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో కొలతల ఇన్‌స్పెక్టర్‌గా చేరాను. డెబ్భైల చివర్లో ఆ ఫ్యాక్టరీ సగం మూసేశారు. మూసేసిన సగంలో నేనున్నాను. ఫార్మింగ్టన్ హిల్స్‌లో అప్పుడే కొన్న ఇల్లు, నడక కూడా రాని కూతురు, సరోజకి హాస్పిటల్ ల్యాబ్‌లో పార్ట్ టైం. రోజూ పొద్దున్నే టై కట్టుకుని ఉద్యోగాలు వెతకడానికి బయల్దేరేవాణ్ణి. ఎక్కడికి వెళ్ళినా నా ముందు ఇంకో నలభైమంది ఇంజినీర్లు కూర్చుని ఉండేవాళ్ళు.

ఒక రోజు సరోజ హార్మోనియం బాగుచేసే చోటు ఉందేమోనని సెకండ్ హ్యాండ్ వాయిద్యాల షాపులోకి వెళ్ళాను. యజమాని పేరు రే. పెద్ద శాల్తీ, నోట్లో సిగరెట్టు, మాటకి ముందు దగ్గు. ఒక గిటార్‌ని బల్ల మీద పడుకోబెట్టి దాంతో కుస్తీ పడుతున్నాడు. గిటార్ మెడలో, తీగల లాగుడికి చెక్క వంగిపోకుండా, ఒక ఇనప కడ్డీ ఉంటుంది. దాన్ని బిగించడానికి చివర్లో ఆరు పలకల రంధ్రం. రే అందులో ఇంచుల కొలతలో చేసిన ఆరు పలకల కీ పెట్టి తిప్పుతుంటే అది జారిపోతోంది.

"అది మిల్లీమీటర్లది, ఇంచులతో తిరగదు" అన్నాను. నా కీచైన్‌కి ఉన్న ఐదు మిల్లీమీటర్ల కీ తీసి ఇచ్చాను. ఒక్క తిప్పులో కదిలింది.

రే నా వంక చూసి, "దీన్ని అమెరికన్ గిటార్ అని చెప్పి నాకు అమ్మారు" అన్నాడు. నా ఉద్యోగం అలా మొదలైంది. హార్మోనియం మాత్రం ఇప్పటికీ బాగవలేదు.

అమెరికన్ గిటార్ ఇంచుల్లో చేసింది కాబట్టి అందులో నా కీ దూరదు. కొద్దిలో ఆగిపోతుంది. జపాన్‌దైతే సరిగ్గా వెళ్ళి కూర్చుంటుంది. ఇదొక్కటే సాక్ష్యం కాదు, మరలు చూడాలి, మూత కింద వైర్లు చూడాలి, చెక్క పొరలుగా అతికించిందా ఒకే దుంగా అన్నది చూడాలి. కానీ చాలాసార్లు ఆ కీ కూర్చోగానే మిగిలినవి చూడక్కర్లేకుండా పోయేది. మొదట్లో వచ్చిన కాపీలు నాసిరకం. డెబ్భైల చివరికి వచ్చేసరికి అసలువాటికంటే పనితనం బాగున్నవి కూడా నా చేతికి వచ్చాయి. రే ఆ మాట షాపులో ఒప్పుకునేవాడు. "బయట మాత్రం అనకు" అనేవాడు.

రే నాకు ఒకటే సూత్రం నేర్పాడు. "అమ్మేవాడి ఇంట్లో అది ఏమిటో చెప్పకు. ఎంతిస్తావో చెప్పు. నచ్చితే ఇస్తాడు, లేకపోతే లేదు." ఇది సగం మంచి సూత్రం. మనం తీర్పులు చెప్పడానికి వెళ్ళలేదన్నది నిజమే. కానీ ఆ సూత్రం వెనక దాక్కునే రే ఎన్నో అసలు గిటార్లని కాపీల ధరకి కొన్నాడు. నాకు అన్నం పెట్టిన మనిషి, దగ్గు తగ్గకపోయినా నాకు జ్వరం వస్తే సూప్ పట్టుకొచ్చిన మనిషి. అయినా కొన్నప్పుడు నోరు మూసుకుని, అమ్మినప్పుడు నోరు తెరిచేవాడు. నేనూ అతని జీతగాణ్ణే, చూస్తూ ఊరుకున్నాను.

కారులో సరోజ

ఆ ఏళ్ళలో డెట్రాయిట్ చుట్టుపక్కల ప్రతి వీధిలోనూ పని పోయినవాళ్ళు ఉండేవాళ్ళు. జపాన్ కార్ల వల్లే పోయిందని అందరి మాటా. జపాన్ కారు తప్పు చోట ఆపితే తిరిగొచ్చేసరికి అద్దం ఉండేది కాదు. పిక్నిక్కుల్లో ఒక పాత జపాన్ కారు తెచ్చి పెట్టి, డబ్బు కట్టి సుత్తితో కొట్టే ఆట పెట్టేవాళ్ళు. పెట్రోల్ బంకులో ఒకడు నన్ను టోక్యోకి పొమ్మన్నాడు. నాది గుడివాడ అని చెబితే వింటాడా?

ఆ ఊళ్ళలో, ఆ రోజుల్లో, నా పని పేపర్లో ప్రకటన చూసి శనివారం మధ్యాహ్నాలు పని పోయినవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, వాళ్ళు అమ్ముకుంటున్న గిటార్ జపాన్‌దా కాదా అని తేల్చడం.

సరోజ నన్ను ఒంటరిగా వెళ్ళనివ్వలేదు. డ్రైవింగ్ అంటే ఆవిడకి ఇష్టం లేదు, ఇందుకోసమే నేర్చుకుంది. పాపని పక్కింటి పంజాబీ ఆవిడ దగ్గర వదిలి నాతో వచ్చేది. కారు ఆ ఇంటి ఎదురుగా ఆపి, స్టీరింగ్ ముందు కూర్చుని, ఇంజిన్ ఆపకుండా ఉండేది. ఇరవై నిమిషాల్లో నేను బయటికి రాకపోతే హారన్ కొట్టాలి. అదీ మా ఒప్పందం. పెట్రోల్ దండగ అని నేను ఎన్నిసార్లు అన్నా ఇంజిన్ ఆపేది కాదు. అవసరమైతే పారిపోవడానికి సిద్ధంగా ఉంటోందని అనుకునేవాణ్ణి.

ఒకసారి ఒక ముసలావిడ నన్ను కూర్చోబెట్టి తినడానికి ఆపిల్ పై పెడుతుంటే బయట హారన్ మోగింది. ఆపకుండా మోగింది. ముసలావిడ పోలీసులని పిలవబోయింది. ఆ ఆపిల్ పైని పొట్లం కట్టించుకుని బయటికి పరిగెత్తాను. దాన్ని తింటూ ఇంటిదాకా పోట్లాడుకున్నాం.

ఆ ఒక్కటి తప్ప మిగతా శనివారాల్లో నవ్వు వచ్చిన జ్ఞాపకం లేదు.

డేల్ వాళ్ళ బేస్‌మెంట్

ప్రకటనలో "అమెరికన్ బేస్ గిటార్, మా తమ్ముడిది" అని ఉంది. ఫోన్ చేస్తే ఒకతను తక్కువ మాటలతో అడ్రస్ చెప్పాడు. పేరు డేల్. కార్ల అసెంబ్లీ లైన్‌లో పని పోయి ఏడాది కావస్తోంది. బేస్ అతని తమ్ముడు రిక్‌ది. రిక్ రెండేళ్ళ క్రితం హైవే మీద ప్రమాదంలో పోయాడు.

డేల్ నన్ను కింద బేస్‌మెంట్‌కి తీసుకెళ్ళాడు. అక్కడ అతని స్నేహితులు ఇద్దరు బీరు తాగుతున్నారు. గోడ మీద ఒక ఫోటో. పిక్నిక్‌లో జపాన్ కారు, బానెట్ లోపలికి కుంగిపోయి ఉంది, దాని ముందు పెద్ద సుత్తి ఎత్తి పట్టుకుని నవ్వుతున్న డేల్. ఆ సుత్తి కూడా అక్కడే ఉంది, ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్‌కి ఆనించి. నా అరచేతులు చెమటపట్టాయి.

డేల్ తువ్వాలుతో చేతులు తుడుచుకుని గిటార్ పెట్టె తెరిచాడు. నాలుగు లావుపాటి తీగల బేస్, తేనెరంగు చెక్క. చూడగానే అందంగా ఉంది.

"రిక్ ప్లాంట్‌లో మొదటి జీతంతో కొన్నాడు. అమెరికాలో చేసిందైతేనే కొంటానని పట్టుబట్టి కొన్నాడు" అన్నాడు డేల్.

స్నేహితుల్లో ఒకడు నన్ను ఎగాదిగా చూసి, "ఇంతకీ నువ్వెక్కణ్ణించి? జపాన్ కాదు కదా?" అన్నాడు.

"ఇండియా."

"ఆ పక్కేలే."

ముగ్గురిలో డేల్ ఒక్కడే నవ్వలేదు. నేను కీ తీసి మెడ చివర రంధ్రంలో పెట్టాను. దూరకూడదు, దూరకూడదు అనుకుంటూనే పెట్టాను. వెళ్ళి కూర్చుంది. అటూ ఇటూ కదలకుండా, గట్టిగా కూర్చుంది.

మెట్లు వాళ్ళ వెనక ఉన్నాయి. సరోజ హారన్ కొట్టడానికి ఇంకా ఎనిమిది నిమిషాలుంది. రే చెప్పినట్టు ఒక ధర చెప్పి ఊరుకోవచ్చు. కానీ కాపీకి తగ్గ ధర చెబితే ఎందుకింత తక్కువని అడుగుతారు. అడిగితే చెప్పాలి. ఆ బేస్‌మెంట్‌లో, ఆ సుత్తి పక్కన, జపాన్ అనే మాట నా నోట్లోంచి రావాలి.

"అమెరికన్‌దే" అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. ఎవరింటికైనా వెళితే వాళ్ళ వస్తువుని ఒక మంచి మాట అనడం మనకి అలవాటు కదా. భయం దానికి తోడైంది. "ఇంత మంచిది ఈమధ్య చూడలేదు. దీనికి తగ్గ ధర మా షాపు ఇవ్వలేదు. మీ తమ్ముడిది, మీ దగ్గరే ఉంచుకోండి" అన్నాను.

డేల్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నన్ను కారు దాకా దిగబెట్టి, తలుపు తీసి పట్టుకుని, సరోజతో "మీ ఆయన మంచివాడు" అన్నాడు.

"ఏవిటండీ, చేతులలా వణుకుతున్నాయి?" అంది సరోజ, వీధి దాటాక. జరిగింది చెప్పాను.

"సరే, క్షేమంగా వచ్చారు. పోనివ్వండి" అంది.

పోనిచ్చాను. నిజం చెప్పాలంటే ఆ సాయంత్రం నా తెలివికి నాకే ముచ్చటేసింది. ఒకణ్ణి సంతోషపెట్టాను, రే డబ్బు పోలేదు, నా ఒంటి మీద దెబ్బ పడలేదు.

రెండు కీలు

నాలుగు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం డేల్ షాపులోకి వచ్చాడు. ఆ పెట్టె కౌంటర్ మీద పెట్టాడు.

చలికాలం గడవక బేస్ అమ్మేశాడట. వాళ్ళ చర్చిలో వాల్ట్ అనే పెద్దాయన కొన్నాడు. నా మాట మీదే కొన్నాడు, "షాపు నుంచి ఇంజినీరు వచ్చి చూసి చెప్పాడు" అని డేల్ చెబితే. వాల్ట్‌కి చిన్న పనిముట్ల వర్క్‌షాపు ఉంది. వసంతంలో డేల్‌కి అందులో పని ఇస్తానని మాటిచ్చాడు. ఈలోగా వాల్ట్ అల్లుడు, షామ్‌బర్గ్‌లో ఉంటాడు, మూత విప్పి చూస్తే లోపల జపాన్ ముద్ర ఉంది. వాల్ట్ ఆదివారం ప్రార్థన అయ్యాక, అందరూ కాఫీ తాగుతుండగా, బేస్ తెచ్చి డేల్ ముందు పెట్టాడు. చచ్చిపోయిన తమ్ముడి పేరు చెప్పి మోసం చేశావన్నాడు. నా దగ్గర అబద్ధాలకోరులకి పని లేదన్నాడు.

"నా భార్య చర్చికి రావడం మానేసింది" అన్నాడు డేల్. గొంతు పెంచలేదు. "నాకు ఒక్కటే చెప్పు. ఆ రోజు నీకు తెలుసా, తెలియదా? తెలియకపోతే తప్పు నీది కూడా కాదు."

వెనక గదిలోంచి రే నా వంకే చూస్తూ తల అడ్డంగా ఊపుతున్నాడు. తెలియదని చెప్పమని. డేల్ కూడా నాకు దారి తెరిచే ఉంచాడు. ఒక్క మాటతో బయటపడేవాణ్ణి.

అప్పుడు డేల్ జేబులోంచి ఒక కీ తీసి కౌంటర్ మీద పెట్టాడు. "ప్లాంట్ మిల్లీమీటర్లకి మారినప్పుడు లైన్ మీద అందరికీ ఇచ్చారు. పోయిన వారం నేనే పెట్టి చూశాను." అది ఐదు మిల్లీమీటర్లది. నా కీ కూడా అక్కడే, కౌంటర్ మీదే ఉంది. రెండూ ఒకటే.

"తెలుసు" అన్నాను.

"మరి ఎందుకు?"

"భయపడ్డాను."

"దేనికి?"

"మీకు. మీ ఫోటోకి, మీ సుత్తికి."

డేల్ అక్కడున్న స్పీకర్ పెట్టె మీద కూలబడ్డాడు. కాసేపు తన చేతుల వంక చూసుకున్నాడు. "ఆ రోజు నీ మొహం కూడా చూడలేదు నేను. నీ చేతులే చూస్తూ కూర్చున్నాను. నువ్వేం చెబుతావో అని నాకు భయం" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. ఆ బేస్‌మెంట్‌లో నాకంటే ఎక్కువ భయపడ్డ మనిషి ఇంకొకడు ఉన్నాడని నాకు తట్టనే లేదు.

"ఆదివారం వచ్చి వాల్ట్‌కి చెప్తావా? అతను అందరి ముందూ అన్నాడు. నువ్వూ అందరి ముందే చెప్పాలి" అన్నాడు డేల్.

వస్తానన్నాను. అతను వెళ్ళాక రే నా మీద అరిచాడు. "వెళ్ళకు. నువ్వా మాట అన్నట్టు కాగితం లేదు. షాపు పేరు పోతుంది." రే దగ్గర నేను నేర్చుకున్న ఆఖరి సంగతి అదే. ఈ పనిలో కాగితం ఉండదు, కీర్తనా. నువ్వన్న మాటే వస్తువుతోపాటు చేతులు మారుతుంది. నువ్వు మర్చిపోయాక కూడా దాని మీద ఇంకొకడు తిండి గింజలు కొనుక్కుంటూ ఉంటాడు. రేకి నేను తర్వాత ఇంకా ఏళ్ళ తరబడి పనిచేశాను. అతని సూత్రం మాత్రం ఆ రోజే వదిలేశాను. వస్తువు ఏమిటో ముందు చెప్పి, తర్వాతే ధర చెప్పేవాణ్ణి. కొన్నిచోట్ల బయటికి గెంటారు కూడా.

కాఫీ వేళ

ఆ ఆదివారం దాకా సరిగ్గా అన్నం దిగలేదు. పని పోయినవాళ్ళతో నిండిన హాల్లోకి వెళ్ళి, జపాన్‌దాన్ని అమెరికన్‌దని అబద్ధం చెప్పింది నేనే అని ఒప్పుకోవాలి. నా మొహం చూసి వాళ్ళేమనుకుంటారో నాకు తెలుసు.

చర్చి వెనక పార్కింగ్‌లో సరోజ కారు ఆపింది. నేను తలుపు తీస్తూ అలవాటుగా "ఇరవై నిమిషాలు" అన్నాను.

సరోజ ఇంజిన్ ఆపేసింది. ఇన్నేళ్ళలో మొదటిసారి. తాళం చేతిసంచిలో వేసుకుని దిగింది.

"నువ్వెందుకు?" అన్నాను.

"అబద్ధం చెప్పినప్పుడు బయటే కూర్చున్నాను, పోనివ్వండని కూడా నేనే అన్నాను. నిజం చెప్పేటప్పుడు కూడా బయటే కూర్చోమంటారా?" అని చీర సర్దుకుని నాకంటే ముందు నడిచింది.

హాల్లో యాభైమంది దాకా ఉన్నారు. మేము అడుగుపెట్టగానే మాటలు ఆగిపోయాయి. డేల్ నన్ను వాల్ట్ ముందుకి తీసుకెళ్ళాడు. చెప్పాను. ఇది జపాన్‌లో చేసింది, ఆ రోజే నాకు తెలుసు, ఇతనికి తెలియదు, భయపడి అబద్ధం చెప్పాను. నాలుగే వాక్యాలు.

వాల్ట్ కాఫీ కప్పు పక్కన పెట్టి కీ అడిగాడు. బేస్ మెడలో పెట్టి, కళ్ళు మూసుకుని మెల్లగా కదిపి చూశాడు. పనిముట్లు చేసే మనిషి చేతులు అవి. "సరిగ్గా కొలిచి చేశారు" అన్నాడు, ఎవరితోనూ కాదన్నట్టు. తర్వాత డేల్ వైపు తిరిగి, "నీ భార్యని కూడా తీసుకురావాల్సింది. ఆవిడకి నేను క్షమాపణ చెప్పుకోవాలి" అన్నాడు.

నాకు ఎవరూ చెయ్యి అందించలేదు. వెనకనుంచి ఎవడో "వీళ్ళని నమ్మితే ఇంతే" అన్నాడు. డేల్ విన్నాడు. వచ్చి ఆ గొంతుకీ సరోజకీ మధ్య నిలబడ్డాడు. తలుపు దాకా అలాగే మా వెనకే నడిచాడు. వసంతంలో అతను వాల్ట్ దగ్గర పనిలో చేరాడని తర్వాత తెలిసింది. బేస్ మళ్ళీ ఎవరికీ అమ్మలేదు.

కారెక్కాం. సరోజ తాళం తీసింది. తీసింది గాని అది రంధ్రంలో దూరడం లేదు. ఆవిడ చెయ్యి అంతలా వణుకుతోంది. ఒకసారి కింద పడేసింది. తీసి మళ్ళీ ప్రయత్నించింది, మళ్ళీ జారింది.

"ప్రతి శనివారం ఇంతే" అంది నా వంక చూడకుండా. "పారిపోవడానికి ఇంజిన్ ఆపకుండా ఉంచానని అనుకున్నారు కదా మీరు. ఆపితే ఈ చేతులతో మళ్ళీ స్టార్ట్ చెయ్యలేనని ఆపేదాన్ని కాదండీ."

ఆవిడ మణికట్టు పట్టుకున్నాను. నా చెయ్యీ వణుకుతూనే ఉంది. ఇద్దరం కలిసి పెడితే, మూడోసారికి తాళం వెళ్ళి కూర్చుంది.